నాలుగూ ఒక్కటయ్యేదాకా

పాత కారు ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి, మునుపటికంటే మెరుగ్గా మళ్లీ కట్టానని ఎవరైనా అంటే మనకు ముందు తోచేవి రెండు కార్బురేటర్లు, స్పోర్ట్స్ క్యామ్‌షాఫ్టు, వీధంతా వినిపించే సైలెన్సరు. విజయవాడ పటమటలో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈమధ్య పూర్తయిన అంబాసిడర్ మార్క్ 2 ఇంజిన్‌లో వీటిలో ఒక్కటీ లేదు. బానెట్ ఎత్తి చూసినా ఏం మారిందో తెలియదు. ఆ పనంతా ఒకే పట్టుదల మీద నడిచింది: నాలుగు సిలిండర్లూ సమానం కావాలి. బోరు కొలత, పిస్టన్ బరువు, చాంబరు లోపలి చోటు, నిప్పురవ్వ పడే క్షణం, అన్నీ. ఇంతకు మించిన మెరుగుదల పాత ఇంజిన్‌కు లేదని ఈ పని చూశాక నాకు గట్టిగా అనిపించింది.

పని చేసినాయన పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టరుగా చేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు. పక్కనే ఉన్న ఆటోనగర్‌లో లేతు షాపుల వాళ్లంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. షెడ్డులో ఉన్న సామాను కూడా చెప్పుకోదగ్గంత పెద్దదేమీ కాదు. దూలానికి ఒక చైన్ పుల్లీ, ఒక బెంచి వైసు, పానాల సెట్లు, టార్క్ రెంచి, మైక్రోమీటర్లు, బోర్ డయల్ గేజి, అద్దాల కొట్టు నుంచి తెచ్చిన మందపాటి గాజుపలక. బోరింగ్ మెషిన్ లేదు, క్రాంకు గ్రైండరు లేదు. ఆ పనులు ఆటోనగర్‌కే వెళ్లాయి. ఏది బయటికి ఇవ్వాలి, ఇచ్చేముందు ఏం కొలవాలి, తిరిగొచ్చాక దేన్ని నమ్మకూడదు అన్నది తెలియడంలోనే ఇంటి వర్క్‌షాపు పనితనం సగం ఉంది.

ఇంజిన్ సంగతి కొంత చెప్పాలి. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ-సిరీస్. 1489 సీసీ. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9, అంగుళాల్లో అయితే 2.875, 3.5. 1953లో ఎంజీ మ్యాగ్నెట్ అనే కారుతో ఈ కొలతల్లో బయటికొచ్చింది. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్‌కు తొలుత సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. 1959లో దాని స్థానంలోకి ఈ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చింది. 1990ల్లో ఇసుజు ఇంజిన్ వచ్చేదాకా అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ అంటే ఇదే. కలెక్టరు గారి బండికీ, రైల్వేస్టేషను ముందు నిలబడే టాక్సీకీ ఒకటే గుండ్రాయి లాంటి పోత ఇనుప దిమ్మ.

ఇదే బోరు, ఇదే స్ట్రోకు ఉన్న ఇంజిన్‌తో 1955లో ఇంగ్లండులో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. అది మొదట్లోనే 68 హార్స్‌పవర్ ఇచ్చేది. మన అంబాసిడర్ ఇచ్చింది 50 ప్రాంతంలో. దిమ్మ అదే, క్రాంకు తిరిగే వృత్తం అదే. తేడా అంతా కంప్రెషన్‌లో, ఊపిరి పీల్చే దారిలో ఉంది. అంటే ఈ ఇనుములో వాడుకోని సత్తువ మొదటినుంచీ ఉంది. మాస్టారు దాన్ని బయటికి లాగడానికి కొత్త భాగాల జాబితా రాసుకోలేదు, ముందు కొలతల పట్టిక రాసుకున్నారు.

ఈ బండి బోరుకొచ్చి చాలాకాలమైంది. నీలంపొగ, లీటర్ల లెక్కన ఆయిలు ఖర్చు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం. హెడ్ విప్పాక ఒక్కో సిలిండర్‌ను పైన, నడుమ, కింద, మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కులుగా గేజి పెట్టి చూశారు. నాలుగు సిలిండర్లకు 24 అంకెలు. బోరు ఎప్పుడూ గుండ్రంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కి మళ్లే చోట ఆయిలు పలచబడుతుంది, మంట వేడి అక్కడే ఎక్కువ, అందుకని అక్కడ ఎక్కువ తింటుంది. పైగా కాన్‌రాడ్డు ఏటవాలుగా నెట్టడంవల్ల పిస్టన్ ఒక పక్కకే ఒరుగుతుంది, కాబట్టి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. ఈ దిమ్మలో మూడో సిలిండర్ మిగిలినవాటికన్నా బాగా తినేసింది. ఇదివరకే ఎవరో అసలు కొలతకన్నా 20 థౌ పెద్దగా బోరు చేయించారు. (మెకానిక్కులు థౌ అనేది అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటరులో చూస్తే 0.0254.) మూడోదాన్ని గుండ్రం చేయాలంటే 40 థౌకు వెళ్లక తప్పదు. ఒక్కదానికోసం నాలుగూ వెళ్లాలి. దాంతో 1489 సీసీ ఇంజిన్ 1531 సీసీ అయింది. ఆ 42 సీసీ గురించి నేను ఉత్సాహపడ్డాను గానీ ఆయన పట్టించుకోలేదు.

బోరు చేయించడంలో ఆయన చూపిన శ్రద్ధ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది మన ఎండల దేశానికి సంబంధించిన విషయం. పిస్టన్లు ముందు కొని, ఒక్కోదాన్నీ స్కర్టు దగ్గర కొలిచి, నంబరు వేసి, ఆ పిస్టన్‌కు తగ్గట్టు ఆ సిలిండర్‌ను కోయించారు. సాధారణ సైజుకు నాలుగూ కోసేసి తర్వాత పిస్టన్లు వేసుకోవడం వేరు, ఇది వేరు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు రెండు, రెండున్నర థౌ. ఇప్పుడు లెక్క చూడండి. పిస్టన్ అల్యూమినియం, దిమ్మ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకు రెండింతలు సాగుతుంది. మే నెలలో విజయవాడ తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీల తేడా ఉంటే, 73 మిల్లీమీటర్ల బోరు దగ్గర ఈ రెండు లోహాల సాగుదలలో తేడా అర థౌ దాకా వస్తుంది. ఉండాల్సిన సందులో ఇది దాదాపు ఐదో వంతు. అందుకే పిస్టన్లు, దిమ్మ, మైక్రోమీటరు అన్నీ రాత్రంతా ఒకేచోట ఉంచి, తెల్లారకముందే కొలిచేవారు. మైక్రోమీటరును కూడా చేతిలో ఎక్కువసేపు పట్టుకోనిచ్చేవారు కాదు.

"చెయ్యి వేడి కూడా కొలతేనండీ," అన్నారు నాతో. తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి మాత్రం, "గేజిని బెంచి మీద పెట్టరా, దాన్ని చంకలో పెట్టుకుని తిరిగితే అది నీ జ్వరం చెబుతుంది," అన్నారు.

కోసిన బోరు గోడను రాతితో సానబట్టే హోనింగ్‌లో పడే గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ ఉండాలి. ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుంది, రింగులు వాటిమీదే ఒరుసుకుని సర్దుకుంటాయి. హోనింగ్ అయ్యాక చాలామంది పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడుస్తారు. అది రాతిపొడిని గీతల్లోకే దిగగొడుతుంది. ఈయన వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ మీద బూడిదరంగు కనబడకుండా పోయేదాకా ఆ పని ఆపలేదు. కృష్ణ ఒడ్డున గాలిలో తేమకు కడిగిన ఇనుము గంటల్లోనే తుప్పు పడుతుంది కాబట్టి ఆరీఆరగానే ఆయిలు పూశారు. తర్వాత ఒక్కో రింగును దాని సిలిండర్‌లోకి దించి, తలకిందులు చేసిన పిస్టన్‌తో నిటారుగా నెట్టి, కొసల మధ్య సందు చూశారు. బోరు అంగుళానికి నాలుగు థౌ చొప్పున 12 థౌ దగ్గర ఉండాలి. తక్కువ వచ్చిన రింగుల కొసలు ఆకురాయితో అరగదీశారు.

క్రాంకు షాఫ్టు ఈ ఇంజిన్‌కు బలం, బలహీనత రెండూ. పొడవైన స్ట్రోకు వల్ల కింది వేగాల్లోనే దిట్టంగా లాగుతుంది. అయితే ఈ క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే. 1964లో ఎంజీబీ కారుకు వచ్చిన ఐదు బేరింగుల బీ-సిరీస్‌తో పోలిస్తే, ఇందులో రెండు బేరింగుల మధ్య రెండేసి సిలిండర్ల దెబ్బ పడుతుంది. వేగం పెరిగేకొద్దీ క్రాంకు వంగుతూ లేస్తూ ఉంటుంది. అందుకే దీన్ని ఎక్కువ ఆర్‌పీఎం తిప్పే ఆలోచనే మాస్టారు పెట్టుకోలేదు. 5000 ఆర్‌పీఎం దగ్గర ఈ పిస్టన్ల సగటు వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు. "అక్కడికి వెళ్లడానికి కాదు, వెళ్లినా విరగకుండా ఉండడానికి," అని ఆయన లెక్క.

గ్రైండింగ్ నుంచి క్రాంకు తిరిగొచ్చాక ఆయన మొదట చూసింది బేరింగులో తిరిగే జర్నల్ కొలత కాదు, జర్నల్ పక్కగోడను కలిసే మూల. అక్కడ చిన్న గుండ్రం ఉండాలి. గ్రైండరు ఆ గుండ్రాన్ని తినేసి మూలను పదునుగా వదిలితే, రోజులు గడిచాక పగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత ఆయిలు దారులు. క్రాంకు లోపల ఏటవాలుగా తొలిచిన రంధ్రాల్లో, దిమ్మలో ఆయిలు గ్యాలరీకి కొట్టిన ప్లగ్గుల వెనక, దశాబ్దాల మడ్డి గట్టిపడి ఉంటుంది. పైపైన కడిగితే రాదు. ప్లగ్గులన్నీ పీకి, సన్నని బ్రష్షు ఈ చివరినుంచి ఆ చివరికి దూర్చి లాగారు. వాటర్ జాకెట్ బిళ్లలు ఊడదీస్తే వెనక నాలుగో సిలిండర్ చుట్టూ చెంబుడు బురద వచ్చింది. ఎండాకాలంలో కాగిపోయే అంబాసిడర్లకు రేడియేటర్లు మార్చి మార్చి విసిగిన యజమానులు ఈ బిళ్లల వెనక ఒకసారి చూడాలి.

బేరింగు సందును కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ప్లాస్టిగేజ్ అనే మెత్తటి ప్లాస్టిక్ దారాన్ని జర్నల్ మీద పెట్టి, క్యాప్ వేసి, టార్క్ రెంచితో పూర్తిగా బిగించి, మళ్లీ విప్పుతారు. నలిగిన దారం ఎంత వెడల్పయితే సందు అంత తక్కువ. మెయిన్ బేరింగులకు 70, కాన్‌రాడ్డు బేరింగులకు 35 అడుగు-పౌండ్ల బిగింపు. ఒక్కో బేరింగులోనూ దారాన్ని రెండు చివర్లా పెట్టి చూశారు. ఒక చివర వెడల్పుగా, రెండో చివర సన్నగా నలిగితే జర్నల్ ఏటవాలుగా అరిగిందనో, కోశారనో అర్థం.

ఈ ఇంజిన్ కాన్‌రాడ్డులో ఒక విశేషం ఉంది. చాలా ఇంజిన్లలో పిస్టన్ పిన్ను రాడ్డు చిన్న చివర బుష్షులో తిరుగుతుంది. ఇక్కడ రాడ్డు చివర చీలి ఉంటుంది, ఒక బోల్టు బిగిస్తే పిన్నును కరిచి పట్టుకుంటుంది. ఆ బోల్టు పిన్ను మీది గాడిలోంచి పోతుంది. గాడి సరిగ్గా ఎదురు రాకుండా బిగిస్తే బోల్టు దెబ్బతింటుంది. రాడ్డును వైసులో పట్టి బిగిస్తే రాడ్డే మెలిపడుతుంది. మాస్టారు పిన్ను రెండు చివర్లకూ సరిపడే ఇత్తడి ముక్కలు తిప్పించి తెచ్చారు. వైసు వాటిని పట్టుకుంటుంది, రాడ్డు మీద ఒత్తిడే పడదు. ఆ ఇత్తడి ముక్కలు బండిలోకి వెళ్లవు, ఎవరూ చూడరు. ఈ షెడ్డులో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువులు అవే.

రాడ్లనూ పిస్టన్లనూ తూచింది బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద. రాడ్డు మొత్తం బరువు సమానమైతే చాలదు. పెద్ద చివర క్రాంకుతో గుండ్రంగా తిరుగుతుంది, చిన్న చివర పిస్టన్‌తో పైకీ కిందికీ పోతుంది. రెండింటి ప్రభావం వేరు. అందుకని ఒక చివరను దారానికి వేలాడదీసి, రెండో చివరను త్రాసు మీద ఆనించి, చివరలను విడివిడిగా తూచారు. అన్నిట్లో తేలికైనదాన్ని ఆధారంగా పెట్టుకుని మిగిలిన మూడింటిని, బలం అక్కర్లేని చోట్లే, కొద్దికొద్దిగా అరగదీశారు.

ఇక హెడ్. బీ-సిరీస్ హెడ్‌కు కీర్తి తెచ్చింది హ్యారీ వెస్‌లేక్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రూపొందించిన దహన గది. రెండు వాల్వుల మధ్య గోడ కొంత ముందుకు చొచ్చి, మొత్తం ఆకారం హృదయంలా కనిపిస్తుంది. ఆ ముక్కు లోపలికొచ్చే మిక్చర్‌ను సుడి తిప్పుతుంది. సామర్థ్యం పెంచుదామని ఆ ముక్కును తెగ అరగదీసేవాళ్లున్నారు. మాస్టారు దాని అంచు పదును మాత్రమే తీసి వదిలేశారు. ఆ నిర్ణయమే ఆయన పనికి ముద్ర అంటాను. ఎదుటివాడు ఆలోచించి పెట్టిన చోట తన చెయ్యి పెట్టరు. పోతలో మిగిలిన గరుకు, పోర్టుకూ మ్యానిఫోల్డుకూ మధ్య, గ్యాస్కెట్ దగ్గర ఒకదానికొకటి కలవని మెట్టు, వాల్వు గైడు చుట్టూ బుడిపెలు, ఇలా ఎవరూ కోరి పెట్టనివన్నీ తీసేశారు. పోర్టు వ్యాసం ఎక్కడా పెంచలేదు. పోర్టు పెద్దదైతే గాలి వేగం పడిపోయి, ఊళ్లో తిరిగే బండికి నష్టమే.

ఈ హెడ్‌లో చేయకతప్పని మార్పు ఒకటుంది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. సీసం మండగా మిగిలిన పొర, ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ వాల్వుకూ పోత ఇనుప సీటుకూ మధ్య అడ్డుగా ఉండేది. అది లేనప్పుడు గట్టిగా నడిపిన బండిలో వాల్వు సీటుకు సూక్ష్మంగా అతుక్కుని, ఊడినప్పుడల్లా రేణువును పెరుక్కుపోతుంది. సీటు లోపలికి కుంగుతుంది, ట్యాపెట్ సందు తగ్గిపోతుంది, చివరకు వాల్వు మూసుకోక కాలిపోతుంది. విరుగుడు గట్టి ఉక్కు సీట్లు దించడం. ఎగ్జాస్ట్ వైపు నాలుగింటికీ గుంటలు ఆటోనగర్‌లో కోయించారు. గుంట కొంచెం లోతైతే కింద నీటి జాకెట్ తగులుతుంది, కాబట్టి కోసేటప్పుడు పక్కనే నిలబడ్డారు. సీటు గుంటకన్నా కొన్ని థౌలు పెద్దది. హెడ్‌ను వేడిచేసి, సీటును బాగా చల్లబరిచి, ఒక్క దెబ్బలో దించారు. తర్వాత 45 డిగ్రీల అసలు ముఖం, దానికి అటూ ఇటూ 30, 60 డిగ్రీల కోతలు. వాల్వు పేస్టుతో నూరాక, చాంబర్లలో కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశారు. పొద్దున పోర్టుల్లోకి చెమ్మ దిగలేదు.

అప్పుడు బ్యూరెట్ బయటికి తీశారు, కాలేజీ ల్యాబుల్లో ఉండేదే. చాంబరు మీద రంధ్రమున్న అక్రిలిక్ పలకను గ్రీజుతో అంటించి, రంగు కలిపిన కిరసనాయిలు చుక్కచుక్కగా వదిలి, ఎన్ని సీసీలు పట్టిందో చూశారు. కొత్త బోరుతో ఒక సిలిండర్ తోడే ఘనపరిమాణం 382.8 సీసీ. పాత అంబాసిడర్ లాగా 7.2 కంప్రెషన్ కావాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని మీద మిగలాల్సిన చోటు 61.7 సీసీ, ఎంజీఏకు ఉన్న 8.3 కావాలంటే 52.4. హెడ్ చాంబరు, గ్యాస్కెట్ మందం, పిస్టన్ తల మీది గుంట అన్నీ కలిపితే వచ్చే చోటు ఇది. 8.3ను ఎంచుకున్నారు. చదును తల పిస్టన్లతో కొంత, హెడ్ ఫేసింగ్‌తో కొంత అక్కడికి చేరారు. నాలుగు చాంబర్లలో తక్కువ పట్టినదాన్ని, ఎక్కువ పట్టినదానితో సమానమయ్యేదాకా గోడలు తాకీ తాకకుండా అరగదీశారు. చివరికి నాలుగింటి మధ్యా తేడా సగం సీసీకి లోపు.

క్యామ్‌షాఫ్టు పాత రకమే. ట్యాపెట్లు మాత్రం కొత్తవి. డిగ్రీ చక్రం, డయల్ గేజి పెట్టి వాల్వు టైమింగ్ సరిచూశారు. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు తీసి, మూత కింద కనబడకుండా అయస్కాంత సెన్సరు పెట్టారు. అరిగిన షాఫ్టు ఊగినప్పుడు పాయింట్ల సందు మారి, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో క్షణంలో నిప్పు పడుతుంది. సెన్సరుతో ఆ తేడా చాలావరకు పోతుంది. బుష్షులు కూడా మార్చారు కాబట్టి మిగిలింది దాదాపు సున్న.

అంబాసిడర్ నిలిపిన చోటల్లా నేల మీద ఆయిలు మరక ఉంటుందన్నది అందరికీ తెలిసిందే. ఈ ఇంజిన్ వెనక చివర రబ్బరు సీలు లేదు. క్రాంకు మీద కోసిన మర, తిరుగుతూ ఆయిలును వెనక్కి తోడాలి. ఇంజిన్ ఆగితే మర పని ఆగిపోతుంది. రింగులు అరిగి, వాటి పక్కనుంచి కిందికి జారే వాయువు (బ్లోబై) వల్ల క్రాంకుకేసులో ఒత్తిడి పెరిగితే, తిరుగుతున్నప్పుడు కూడా కారుతుంది. ఎంజీఏ యజమానుల కోసం బయటిదేశాల్లో లిప్ సీలు కిట్లు తయారయ్యాయి. మాస్టారు తెప్పించలేదు. మరకూ దాని గూడుకూ మధ్య సందు చుట్టూతా సమానంగా ఉండేట్టు ఓపికగా సర్ది, ఊపిరి గొట్టం శుభ్రం చేసి ఊరుకున్నారు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. కిట్ వేసి ఉండాల్సింది. ఆయన వాదన కూడా చెబుతాను: "బ్లోబై లేకపోతే మర చాలండీ. కారితే నా రింగుల పని తప్పన్నమాట, అది నాకు తెలియాలి కదా."

కార్బురేటరు ఎస్‌యూ, ఒక్కటే. స్కిన్నర్ కుటుంబం వాళ్లు 1905 ప్రాంతంలో తీర్చిన ఈ పద్ధతి ఇప్పటికీ నాకు అపురూపమే. ఇంజిన్ ఎంత పీలిస్తే లోపలి పిస్టన్ అంత లేస్తుంది. దానికి అమర్చిన సన్నని వాలు సూది జెట్‌లోంచి అంతే పైకి వస్తుంది, పెట్రోలు అంతే దిగుతుంది. గాలి వేగం దాదాపు ఒకేలా నిలుస్తుంది. మిక్చర్ మార్చాలంటే సూది వాలు మార్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలులో ఆక్సిజన్ ముందే కొంత ఉంది కాబట్టి పాత సూదితో మిక్చర్ పలచబడుతుంది, ఇంజిన్ కాగుతుంది. మాస్టారు సన్నని సూదికి మారారు. ఇథనాల్‌కు ఉబ్బే పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ కూడా తీసేశారు.

మొదటిసారి తిప్పేముందు ప్లగ్గులు పీకి, ఆయిలు గేజిలో ముల్లు లేచేదాకా స్టార్టరుతోనే తిప్పారు. అంటుకున్న వెంటనే ఐడిల్‌కు దించలేదు. ఇరవై నిమిషాలపాటు 2000 ఆర్‌పీఎం మీదే ఉంచారు. కొత్త ట్యాపెట్లు క్యామ్ మీద తిరుగుతూ ఒరుసుకోవాలంటే ఆయిలు జల్లు బాగా పడాలి, ఐడిల్‌లో పడదు. ఈకాలపు ఆయిళ్లలో జింకు తగ్గింది కాబట్టి దానికి తగిన ఆయిలే వెతికి పోశారు. ఐదువందల కిలోమీటర్లు తిరిగాక హెడ్ నట్లు నడిమినుంచి బయటికి వరసగా మళ్లీ బిగించి, ట్యాపెట్లు సరిచేసి, కంప్రెషన్ గేజి పెట్టారు. నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఐదు పౌండ్లలోపే. నేల మీద మరక లేదు, ఈ మాట ఆయన గెలిచారని ఒప్పుకుంటూ రాస్తున్నాను.

ప్లగ్గుల రంగు మాత్రం నాలుగింటికీ ఒకటి కాలేదు. ఒకటి, నాలుగు ఒక జతగా, రెండు, మూడు ఇంకో జతగా కొద్దిగా వేరుపడ్డాయి. కారణం ఆయనకు తెలుసు. ఈ హెడ్‌లో ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌లెట్ పోర్టు. మూడు, నాలుగింటికి మరొకటి. పేలే వరస 1-3-4-2 కాబట్టి రెండోది పీల్చడం ముగించకముందే ఒకటోది అదే దారిలో పీల్చడం మొదలుపెడుతుంది; అవతల మూడుకూ నాలుగుకూ అదే తంతు. ముందు పీల్చేదానికి దక్కాల్సిన ఆఖరి గుక్కలో కొంత వెనకదానికి పోతుంది. ఇది పోతలోనే ఉన్న గుణం, ఏ ఆకురాయికీ పోదు. మ్యానిఫోల్డు లోపల, పోర్టు చీలే చోట గోడ అంచును ఏ వైపు ఎంత వంచితే ఆ దొంగతనం తగ్గుతుందో చూడాలని ఆయన పాత మ్యానిఫోల్డు ఒకటి ఆటోనగర్ తుక్కు షాపులో కొని తెచ్చారు. దాన్ని నిలువునా కోసి, లోపలి దారిని కొలిచే పని మొదలైంది.